మావయ్యగారి తుపాకీ విషయంలో సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి చుట్టాలు, ఊళ్లోవాళ్లు కనిపించినప్పుడల్లా అడుగుతున్నారు, "తుపాకీ సంగతి ఏం చేశారు?" అని. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నాను. ఎలాగూ కొందరికి థాంక్స్ చెప్పాల్సిన బాకీ కూడా ఉంది.

మా మావయ్యగారికి లైసెన్సు ఉన్న పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ ఉంది. లంకలో అరటితోట మీద అడవిపందులు పడుతున్న రోజుల్లో పంట రక్షణ కోసం తీసుకున్నారు. తోట ఇప్పుడు కౌలుకి ఇచ్చేశాం. తుపాకీ మాత్రం పాత పంచెలో చుట్టి బీరువా మీద ఉండేది. పండక్కి డల్లాస్ నుంచి మా ఆడపడుచు పిల్లలతో వస్తున్నానని ఫోన్ చేసి, టికెట్ల కంటే ముందు అడిగిన మాట, "వదినా, నాన్న తుపాకీకి తాళం ఉందా?"

అక్కడ పిల్లల్ని స్నేహితుల ఇంటికి పంపేటప్పుడు ఈ మాట అడగమని పిల్లల డాక్టర్లే చెబుతారట. మావయ్యగారికి మాత్రం కోపం వచ్చింది. "నేను ఎత్తుకు పెంచిన పిల్ల నాకు చెబుతోందా?" అన్నారు. "అంత ఎత్తున పిల్లలకి ఎక్కడ అందుతుందిలే" అని అత్తయ్యగారు. కుర్చీ లాక్కుని ఫ్రిజ్ మీద బిస్కెట్లు తీసుకునే పిల్లల్ని ఆవిడ చూడలేదా, పాపం!

మా ఆడపడుచు అంతటితో ఊరుకోలేదు. 2001లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం సంగతి చెప్పింది. పేలకుండా చేసిన అసలు తుపాకీ ఒకటి సొరుగులో పెట్టి, 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లల్ని ఆ గదిలో వదిలి చాటు నుంచి చూశారట. కనిపెట్టిన పిల్లల్లో చాలామంది దాన్ని చేతిలోకి తీసుకున్నారు, కొందరు ట్రిగ్గర్ కూడా నొక్కారు. అలా చేసినవాళ్లలో ఎక్కువమంది తుపాకీ జాగ్రత్తల గురించి అంతకుముందే పాఠాలు విన్నవాళ్లే. ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మొదటి కృతజ్ఞత మా బాబాయిగారికి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఆయనది. రెండు ప్రపంచ యుద్ధాలకీ సిపాయిల్ని పంపి మిలటరీ మాధవరం అని పేరు పడ్డ ఊరు. ఆయన కూడా సైన్యంలో పనిచేసి వచ్చినవారే. వచ్చీ రాగానే సలహాలు మొదలుపెట్టలేదు. కాఫీ తాగి, "బావగారూ, ఓసారి చూడొచ్చా?" అని అడిగారు. మావయ్యగారు ఖాళీగానే ఉందన్నా, పెరట్లోకి తీసుకెళ్లి, గొట్టం కొబ్బరిడొక్కల గుట్ట వైపు తిప్పి, మడత విప్పి, తూటాలు పెట్టే రెండు గదుల్లోనూ చిటికెనవేలు పెట్టి చూశారు. "ఖాళీ అని ఎవరు చెప్పినా సరే, పట్టుకున్నవాడు తన కళ్లతో చూడాల్సిందే" అన్నారు. తరవాత గొట్టాలు, వాటి కింది చెక్క, బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) మూడూ విడదీసి ఎలా దాచుకోవచ్చో చూపించారు. తూటాలేమైనా ఉన్నాయా అని అడిగితే అత్తయ్యగారు ట్రంకు పెట్టెలోంచి పేపరు పొట్లం తెచ్చారు. ఎర్ర అట్ట తూటాలు, మన తేమకి ఉబ్బి, ఇత్తడి అంచులు పచ్చబడిపోయాయి. ఇవి వాడకూడదు, షాపులోనే అప్పగించేద్దాం అన్నారు.

మావయ్యగారు మెత్తబడింది మాత్రం ఒక్క మాటకి. "బావగారూ, 2024లో ఎలక్షన్లకి స్టేషన్లో డిపాజిట్ చేశారు కదా. ఓట్ల కోసం అప్పజెప్పినవాళ్లు మనవల కోసం అప్పజెప్పలేరా?" మావయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత లైసెన్సు పుస్తకం ఎక్కడుందని అత్తయ్యగార్ని అడిగారు.

లైసెన్సున్న తుపాకుల షాపుల్లో సేఫ్ కస్టడీ అని ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. కొద్దిపాటి రుసుము తీసుకుని, రసీదు ఇచ్చి, తుపాకీని వాళ్ల దగ్గరే భద్రంగా ఉంచుతారు. టౌన్లో ఆ షాపాయన మావయ్యగారిని కూర్చోబెట్టి, నంబరు సరిచూసి, ప్రతి కాగితం చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు. పెద్దాయన పరువుకి ఎక్కడా లోటు రానివ్వలేదు. ఆయనకి రెండో కృతజ్ఞత. ఏ కాగితాలు పట్టుకెళ్లాలో ముందే ఫోన్లో చెప్పిన మా స్టేషన్ హెడ్ కానిస్టేబుల్ గారికి మూడోది.

పండగ టెన్షన్ లేకుండా గడిచింది. తుపాకీ ఇంకా షాపులోనే ఉంది. తెచ్చుకునే రోజు వస్తే, ఇంట్లో గోడకి బిగించిన ఇనప పెట్టె, దానికో తాళం, తూటాలు వేరే చోట, వాటికి ఇంకో తాళం. తుపాకీకో తాళం, తూటాలకి వేరే తాళం అన్నది అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పే పద్ధతే. అసలు ఇంట్లో లేకపోతే ఇంకా మంచిదని కూడా వాళ్లే అంటారు. నా ఓటు దానికే, కానీ తుపాకీ నాది కాదు.

బాబాయిగారు పెట్రోలు డబ్బులు కూడా ముట్టుకోలేదు. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం కాదనకుండా తీసుకున్నారు. ఆయనకి షుగరుందని తెలిసీ ఎందుకిచ్చావే అని పిన్ని ఫోన్లో చీవాట్లు పెట్టింది. ఆ చీవాట్లకీ థాంక్స్, పిన్నీ.