మా చర్చి కథలకు ఒక ఎడిటర్‌ని ఇప్పించండి: మైనారిటీ సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం,

నేను దేవరకొండ దగ్గర ఒక ఊర్ల సర్కారు బడి టీచర్‌ని, ఆదివారం సండే స్కూల్ పిల్లలకు కథలు చెప్త, అప్పుడప్పుడు రాస్త కూడ. లోన్లు, శ్మశానం జాగల గురించి మీకు రోజూ అర్జీలు వస్తుంటయ్, నాది కొంచెం తేడా అర్జీ, నవ్వుకున్నా పర్లేదు గని పూర్తిగ చదవండి. మా క్రైస్తవ కథలు బాగుంటలెవ్వు సార్.

పోయిన క్రిస్మస్ ముందు ఒక చర్చి పత్రికోళ్లు కథల పోటీ పెట్టి నన్ను జడ్జిగ కూసోబెట్టిన్రు. 41 కథలొస్తే అందుల 30 దాక ఒకటే కథ, మొగడు తాగుతడు, పెండ్లాన్ని కొడ్తడు, జబ్బు చేస్తది, పాస్టర్ గారొచ్చి ప్రార్థన చేస్తరు, ఆఖరి పేరాల మారిపోతడు. ఒకదాంట్లనైతే మిర్యాలగూడ దిక్కు నాట్లేసే ముసలామె గట్టు మీద కూసొని కోడలితోని "నా కుమారీ, భయపడకుము, ప్రభువు నీకు తోడైయుండును" అంటది. ఎవరన్నా మాట్లాడ్తరా అట్ల? మా నాయనమ్మ పొయ్యి కాడ కండ్లు మూస్కొని "యేసయ్యా, బర్రె ఈ రెండ్రోజులల్ల ఈనేటట్టు చూడు, పోరని ఫీజు కట్టాలె, నేనేడికెళ్లి తేవాలె" అని దేవునితోని కొట్లాట పెట్టుకునేది. మా బైబిల్ గ్రాంథికం చెవికి మస్తుంటది, కాదనను, కానీ నాటు మడిల అది నడ్వది.

నేనేమన్న తక్కువ తిన్ననా, నా మొదటి కథల హీరోకి టీబీ వస్తది, మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు లేచి కూసుంటడు. జడ్చర్ల మిషన్ దవాఖానల ఆయమ్మగ చేసిన మా మేనత్తకు చదివి వినిపిస్తె అంత విని "మరి ఆర్నెల్ల గోలీలు ఎవరు మింగిన్రురా?" అన్నది. ప్రార్థన చేసుకుంటనే గోలీలు మింగినోళ్లను ఆమె చూసింది, రెండో నెల కొంచెం తేరుకోంగనే మానేసి మళ్ల దగ్గుకుంట వచ్చినోళ్లను కూడ చూసింది, అసలు కథ ఆడుంది, నేను రాసింది ఇంకేదో. అచ్చేసినోళ్లు ఒక్క ముక్క అడగలే. బాగలేదంటే దేవున్ని అన్నట్టయితదని అందరికి భయం.

గుర్రం జాషువా గారి క్రీస్తు చరిత్రకు 1964ల కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చిన్రు, అంటే చేతకాక కాదు. పద్యంల ఉన్న పట్టు మా కథలల్లకు రాలేదు, అంతే.

రాయనీకి సరుకు లేదా అంటే, చర్చిల ఒక పేరు, తహసీల్ ఆఫీసుల ఇంకో పేరు ఉన్నోళ్లు మా ఊర్లనే ఎంతమందో. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి క్రైస్తవుడైన దళితునికి ఎస్సీ సర్టిఫికెట్ లేదు, బీసీ-సిల 1 శాతం రిజర్వేషన్ ఉంటది, అందుకనే ఈ రెండు పేర్లు. మరి బాప్టిజం తీసుకున్న రాత్రి తల్లి కొడుకుతోని ఏం మాట్లాడ్తదో ఒక్కరన్నా రాసిన్రా? (ఇది మీకే రాస్తున్న చూడండి, భయమే గని రాస్తున్న.)

సర్కారు క్రిస్మస్ విందు పెడ్తుంది, సంతోషం. శాలువాలు, బహుమతులు అడుగుతలేను. మతం ప్రచారం చెయ్యమని కూడ అడుగుతలేను, అది మేం చూస్కుంటం. నల్లగొండల ఒకసారి, మహబూబ్‌నగర్‌ల ఒకసారి జిల్లా గ్రంథాలయంల మూడేసి రోజులు కథల వర్క్‌షాప్ పెట్టించండి, ఇంటి పన్నుతోని నూటికి 8 రూపాయల లైబ్రరీ సెస్ మేం గూడ కడ్తున్నం కదా. నేర్పేటోళ్లు పాస్టర్లు కాకుంటనే మంచిది, కథ రాయడం తెల్సినోళ్లు, ఏ మతమైనా సరే. ఎర్ర పెన్ను పట్టుకొని "ఈ పేరా తీసెయ్" అనే ఎడిటర్‌కి ఇయ్యనీకి పైసలు మంజూరు చెయ్యండి, మా చిన్న చర్చిలకు ఆ ఖర్చు భారమైతది.

మేనత్తను నేను తోలుకొస్త. మూడో రోజు అందరు రాసింది ఆమెకు చదివి వినిపియ్యాలె.

ఇట్లు,
దేవరకొండ దిక్కు ఒక సండే స్కూల్ టీచర్