గాలి కంప్రెసర్ పెట్టె మీది 150 ఎవరి కోసం?

సంపాదకులకు నమస్కారం.

కారు టైర్లకు ఇంట్లోనే గాలి కొట్టుకునే చిన్న కంప్రెసర్ల ప్రకటనలు పండగ వచ్చిందంటే ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాటిలో పెద్ద అక్షరాల్లో ఉండేది ఒకటే మాట: 150 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 150 పౌండ్ల ఒత్తిడి. ముప్పై ఒక్క ఏళ్లు ఒక కర్మాగారంలో ప్రెషర్ గేజిలు సరిచూసే పని చేసి రిటైరైన నాకు ఆ అంకె చూస్తే ఒళ్లు మండుతుంది. ఎందుకో రాస్తాను. ఉత్తరం పొడుగనిపిస్తే కత్తిరించండి కానీ, అంకెల జోలికి మాత్రం వెళ్లవద్దని మనవి.

మా కారు చిన్నది. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే పక్కనున్న స్తంభం మీద కంపెనీవారి చీటీ ఉంటుంది, అందులో 33 అని రాసి ఉంది. మీరు పీఎస్‌ఐ అన్నా, పంక్చర్ షాపు కుర్రవాడు పౌండ్లు అన్నా అదే. మన విశాఖలో తిరిగే చిన్న కార్లకు చాలావరకు 30కీ 36కీ మధ్యే ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసి కనిపించే 44, 51 లాంటివి ఆ టైరుకు పెట్టిన గరిష్ఠ హద్దు. మనం కొట్టుకోవలసిన గాలి అది కాదు. మరి ఈ 150 ఎవరి కోసం? సోలెడు బియ్యం వండుకోవడానికి పెళ్లివారి గుండిగ కొనిపించడం తప్ప మరేమీ కాదు.

గుండిగ పెద్దదైతే నష్టమేమిటని అడగవచ్చు. నష్టం ఆ కంప్రెసర్‌కు ఉండే, ఒత్తిడి చూపే గేజిలో ఉంది. గేజి తప్పును సాధారణంగా ఫుల్ స్కేలు మీద, అంటే అది చూపగల గరిష్ఠ అంకె మీద, లెక్క కడతారు. 150 దాకా చూపే గేజికి రెండు శాతం తప్పు ఉందంటే అది ఏ అంకె దగ్గరైనా మూడు పౌండ్లు అటో ఇటో చూపవచ్చని అర్థం. 150 దగ్గర మూడు పౌండ్లు ఒక లెక్కలోనివి కావు. 33 దగ్గర మూడంటే ఇంచుమించు పదో వంతు. 60 దాకా మాత్రమే గీతలున్న గేజికి అదే రెండు శాతం తప్పు ఉంటే తేడా ఒక పౌండు పైచిలుకు దగ్గర ఆగిపోతుంది. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన కుర్రవాళ్లకు మొదటి వారంలో నేర్పే పాఠం ఇదే.

మా అల్లుడు చదువుకున్నవాడే. అయినా ఆన్‌లైన్‌లో 1,899 రూపాయలు పెట్టి చేతిలో పట్టేంత బ్యాటరీ కంప్రెసర్ తెప్పించాడు. అందరూ అరకు వెళ్లే ముందు రోజు సాయంత్రం, మురళీనగర్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దానిని బయటికి తీశాడు. 33 అని పెట్టి మీట నొక్కాడు. కాసేపు గీపెట్టి టక్కున ఆగింది. “చూశారా మావయ్యగారూ, దానంతటదే ఆగిపోతుంది” అన్నాడు సంబరంగా. నాలుగు చక్రాలకూ అలాగే ఆగింది, రెండో చక్రం తర్వాత ఒకసారి వేడెక్కి మొరాయించినా. పాత అలవాటు కదా, నా ఇత్తడి డయల్ గేజి తెచ్చి ఒక్కొక్క వాల్వుకూ పెట్టి చూశాను. 28, 28, 27, 28.

ఆ గేజి కథ కూడా చెప్పాలి. నేను రిటైరైన రోజు తోటివాళ్లు ఇచ్చినది అది. ఇచ్చేముందు డెడ్ వెయిట్ టెస్టర్ మీద సరిచూసి, ఏ అంకె దగ్గర ఎంత తేడా వస్తుందో ఒక అట్టముక్క మీద రాసి పెట్టెలో ఉంచారు. తెలిసిన బరువులను ఒక పిస్టన్ మీద పేర్చి, కింద నూనెలో పుట్టే ఒత్తిడికి గేజి ముల్లు సరిగ్గా నిలుస్తుందో లేదో చూడడమే ఆ యంత్రం పని. అక్కడ బరువు ఎంతో ఒత్తిడీ అంతే, వాదనకు చోటు లేదు. ఆ అట్టముక్క మీద 30 దగ్గర తేడా అర పౌండు అని ఉంది. కాబట్టి తప్పు నా గేజిది కాదు. దానంతటదే ఆగే సౌకర్యం ఉండటం మంచిదే, కానీ అది ఆ యంత్రం నమ్మే అంకె దగ్గర ఆగుతుంది. ఆ నమ్మకమే తప్పయితే నాలుగు చక్రాలకూ ఒకే తప్పు చేసి పెడుతుంది. ఐదుగురు మనుషులు, సామాను, శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు. గాలి తక్కువైన టైరు పక్కలు వంగుతూ లేస్తూ వేడెక్కుతాయి. ఆ రాత్రే కాలిపంపుతో నేనూ అల్లుడూ వంతులవారీగా తొక్కి గాలి సరిచేశాం. మా అమ్మాయి బాల్కనీలో నుంచి చూసి నవ్వింది.

తర్వాతి ఆదివారం పొద్దున పక్క ఫ్లాట్ మాస్టారి దగ్గరున్న కంప్రెసర్ అడిగి తెచ్చాను. గాజువాక ఆటోనగర్‌లో 2,600 పెట్టి నేను ఒకటి కొన్నాను. అల్లుడిదీ కలిపి మూడింటినీ వరసగా పెట్టి, మా కారు టైరు నుంచి గాలి వదిలి, 22 నుంచి 33కు ఎంతసేపట్లో వస్తుందో నా గేజితోనే చూశాను. బ్యాటరీదానికి నాలుగు నిమిషాలు దాటింది. మాస్టారిది ప్లాస్టిక్ పళ్లచక్రాలున్న చౌకరకం, మూడు నిమిషాలు పట్టింది, చెవులు చిల్లులు పడ్డాయి. ఇనుప సిలిండర్ ఉన్న నాది రెండు నిమిషాల లోపే ముగించింది. పెట్టెల మీద చూస్తే మూడూ నిమిషానికి ఇంచుమించు ఒకే లీటర్లు ఇస్తాయని ఉంది. ఆ లీటర్లు గొట్టం చివర ఏ అడ్డూ లేనప్పటివి. టైరులో ముప్పై పౌండ్లు ఎదురు నెడుతుంటే వచ్చేవి ఎన్ని అన్నది ఎవరూ అచ్చు వేయరు. ఇంకొకటి, గాలిని అణిచితే వేడి పుడుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకు దాని అడుగు భాగం ఎలా కాలుతుందో తెలుసు. అందుకే ఏకబిగిన ఎన్ని నిమిషాలు నడపవచ్చో, ఎంతసేపు ఆపాలో పుస్తకంలో వెతికి చూసి కొనాలి. నాలుగు టైర్లు ముగించేలోపు విశ్రాంతి కోరే యంత్రం నాలుగు చక్రాల బండికి పనికిరాదు.

మాస్టారి కంప్రెసర్ మరో పాఠం చెప్పింది. దాని మీద 180 వాట్లని ఉంది. 12 వోల్టుల దగ్గర అది 15 ఆంపియర్లు. ఆయన కారులో సాకెట్ మూత మీద 120 వాట్లని స్పష్టంగా రాసి ఉంది, అంటే 10 ఆంపియర్లే. ఫ్యూజు రెండుసార్లు పోయింది. ఎవరో పెద్ద ఫ్యూజు వేయించుకోమన్నారట. “మాస్టారూ, ఫ్యూజు పోయేది లోపలి తీగను కాపాడటానికి, దాన్ని బలపరిస్తే తీగే కాలిపోతుంది” అని బతిమాలి ఆపాను. అంత కరెంటు తాగే కంప్రెసర్ కావాలంటే నేరుగా బ్యాటరీకి క్లిప్పులు తగిలించేది కొనాలి. గాలి కొడుతున్నంతసేపు ఇంజను ఆన్‌లో ఉంచమంటారు కదా, మూసి ఉన్న సెల్లార్‌లో ఆ పని చేయకండి. పొగ ప్రాణాంతకం. బండిని బయటికి తీయండి.

బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉంది. కాబట్టి డబ్బు మిగులుతుందని కంప్రెసర్ కొనక్కర్లేదు. అసలు లాభం వేరు. చీటీ మీది అంకె చల్లని టైరుకు చెప్పినది. ఎండలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు మీదుగా బంకుకు చేరేసరికి టైరు వేడెక్కి రెండు మూడు పౌండ్లు ఎక్కువ చూపుతుంది. అక్కడ 33కు సరిచేయించుకుంటే చల్లారాక మిగిలేది 30, 31. పొద్దున్నే బండి కదలకముందు ఇంటి ముందు గాలి చూసుకోగలగడం, కంప్రెసర్ చేసే మేలు అదొక్కటే అనుకున్నా తక్కువేమీ కాదు. టైరు పూర్తిగా కూర్చుని రిమ్ము నుంచి ఊడిందంటే మాత్రం ఈ చిన్నవి ఏవీ లేపలేవు, పంక్చర్ షాపే గతి.

మన ఊరి ఉప్పు గాలి సంగతి ప్రకటనలవారికి పట్టదు. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్ల ఇళ్లలో ఇనుప నాజిల్ ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. ఇత్తడిదైతే చిలుము పట్టినా తుడిస్తే పోతుంది. వాల్వు మూతలు పారేయకండి, లోపలి పిన్ను పాడవడం మొదలయ్యేది అక్కడే. మర బిగించే నాజిల్ కంటే మీట వేసే నాజిల్ తీసేటప్పుడు గాలి తక్కువ పోతుంది. బ్యాటరీ రకాన్ని మే నెల ఎండలో నిలబెట్టిన కారులో వదిలేయవద్దు. ఇవన్నీ కొనే దుకాణంలోనే చూసుకోదగ్గవి.

అల్లుడి కంప్రెసర్ వెనక్కి ఇవ్వడానికి అమ్మినవారు పెట్టిన ఏడు రోజుల గడువు అప్పటికే దాటింది. ఐదు పౌండ్ల తేడా మామూలేనని జవాబు వచ్చింది. పెట్టె మీద దిగుమతిదారు చిరునామా ఉండవలసిన చోట చిరిగిన కాగితం ఉంది. ప్యాకేజి వస్తువులపై 2011 నాటి నిబంధనల ప్రకారం పేరు, చిరునామా, ధర, ఫిర్యాదు చేయవలసిన నంబరు ఉండి తీరాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఫొటోలతో ఫిర్యాదు నమోదు చేయించాను. పదకొండో రోజున డబ్బు వచ్చింది. గడువు దాటిందని ఊరుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

తయారీదారులను నేను అడిగేది ఎక్కువేమీ కాదు. పెట్టె మీద 150 తీసేసి, 30 పౌండ్ల దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని ఆంపియర్లు, ఏకబిగిన ఎన్ని నిమిషాలు, గేజి తప్పు ఎంత అన్నవి వేయండి. అవి ఉంటే చాలు, కొనేవాళ్లు లెక్క చూసుకోగలరు. అప్పటిదాకా కంప్రెసర్‌తో పాటు 60 దాకా గీతలున్న గేజి విడిగా కొనుక్కుని, దానినే నమ్మండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా కాలనీలో రోజుల తరబడి కరెంటు లేదు, కరెంటు లేని బంకులో గాలీ లేదు. రోడ్ల నిండా గాజుపెంకులు, రేకుల మేకులు. అప్పుడు నా కాలిపంపు వీధంతా తిరిగి, పది రోజులకు వాషరు అరిగిపోయి ఇల్లు చేరింది. పంపు ఇప్పటికీ ఎవరడిగినా ఇస్తాను. ఆ ఇత్తడి గేజి మాత్రం ఎవరికీ ఎరువివ్వను. కావాలంటే కారునే మా సెల్లార్‌కు తెచ్చుకోమంటాను, పొద్దున ఏడు లోపు.

ఇట్లు,
విశ్రాంత ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్,
మురళీనగర్, విశాఖపట్నం