పట్టా ఇచ్చారు సరే, అప్పు ఎవరిస్తారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పేదల ఇళ్ల స్థలాల గురించి గత వారం మీ పత్రిక జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. 2020 డిసెంబరు నుంచి గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున 30 లక్షలకు పైగా పట్టాలు ఇచ్చామని అప్పటి పాలక పక్షం వారు, సెంటు స్థలంలో మంచం వేస్తే మనిషి పట్టడని, అందుకే 2025 జనవరి ఉత్తర్వులో వాటిని 3 సెంట్లు, 2 సెంట్లు చేశామని తర్వాత వచ్చిన పాలక పక్షం వారు దెప్పుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆ స్థలంలో ఇల్లు లేపడానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, మీ విలేకరీ అడగలేదు.

బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని కనుక ఈ విషయం చెప్పక తప్పడం లేదు. డి పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు కేటాయించిన (అసైన్డ్) భూమికి ఇచ్చే పత్రం, పట్టుకుని గృహ రుణానికి వచ్చిన మనిషిని చాలా శాఖల్లో కూర్చోమని కూడా అనరు. అది అసైన్డ్ భూమి, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షను కింద రిజిస్ట్రేషను చెయ్యకూడని భూముల నిషేధిత జాబితాలో ఉంది, మా లాయరు ఒప్పుకోడు అని పంపేస్తారు. పేదవాడి భూమిని పెద్దవాడు కొనెయ్యకుండా 1977లో తెచ్చిన అసైన్డ్ భూముల చట్టమే ఇందుకు కారణమని అందరూ అనుకుంటారు. కానీ అదే చట్టంలోని 6వ సెక్షను ప్రభుత్వానికి, సహకార సంఘానికి, షెడ్యూల్డు బ్యాంకుకు తనఖా పెట్టిన అసైన్డ్ భూమికి ఈ చట్టం వర్తించదని స్పష్టంగా మినహాయింపు ఇచ్చింది. అంటే పేదవాడు బ్యాంకుకు తనఖా పెట్టుకోవడానికి చట్టం అడ్డు కాదు, ఆ సెక్షను చదవని లాయర్లు, చదివినా బాధ్యత నెత్తిన వేసుకోవడం ఎందుకని ఊరుకునే మేనేజర్లు అడ్డు. ఇంటి స్థలం అమ్ముకునే గడువును 20 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు తగ్గించడానికి మాత్రం మన పాలకులు చట్టాన్నే సవరించారు. అమ్ముకోవడానికి ఉన్న తొందర కట్టుకోవడానికి లేకపోయింది.

బ్యాంకు పొమ్మంటే ఏమవుతుందో లెక్క వేసి చూడండి. గత విడతలో ఇంటికి ఇచ్చింది 1.80 లక్షలు, పొదుపు సంఘం ద్వారా పావలా వడ్డీకి మరో 35 వేలు. బేస్‌మెంటు దాటేసరికే అది హరించుకుపోతుంది, శ్లాబు బిల్లు ఎప్పుడు పడుతుందో ఇంజనీరుకే తెలియదు. మిగతా 2 లక్షలు వీధిలో మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకు వడ్డీయే 6 వేలు, అసలు అలాగే ఉంటుంది. అదే సొమ్ము బ్యాంకు 9 శాతానికి 20 ఏళ్ల గడువుతో ఇస్తే అసలు, వడ్డీ కలిపి నెల వాయిదా 1,800 రూపాయలు. వడ్డీ వ్యాపారికి 6 వేలు కట్టగలిగిన కుటుంబానికి బ్యాంకుకు 1,800 కట్టే స్తోమత లేదని ఏ శాస్త్రం చెబుతోందో నాకు తెలియదు.

అప్పు పుట్టినచోట ఇంకో విడ్డూరం. పట్టణ పేదల కోసం ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన అపార్టుమెంట్లలో 365 చదరపు అడుగుల ఇంటికి లబ్ధిదారుల పేరున 3.15 లక్షల బ్యాంకు రుణం తీయించారు. ప్రభుత్వాలు మారాయి, గోడల రంగులు మారాయి, చాలామందికి తాళం మాత్రం చేతికి రాలేదు, వాయిదా కట్టలేదని నోటీసులు వచ్చాయి. గడప తొక్కని ఇంటికి ఎగవేతదారు అనిపించుకున్న మనిషికి రేపు ఏ బ్యాంకూ పదివేలు ఇవ్వదు. ఈ పాపం ఎవరిదని అడిగితే మునిసిపాలిటీ టిడ్కోను, టిడ్కో బ్యాంకును, బ్యాంకు మళ్లీ మునిసిపాలిటీని చూపిస్తాయి. పథకానికి ఎవరి పేరు పెట్టాలో, పట్టా మీద ఎవరి బొమ్మ వెయ్యాలో తేల్చడానికి మాత్రం ఈ అధికారులకు ఒక్క పూట చాలు.

అల్పాదాయ గృహ రుణాలకు పూచీ ఉండే నిధిని కేంద్రం 1,000 కోట్ల నుంచి 3,000 కోట్లకు పెంచింది. మన జిల్లాలో ఎన్ని శాఖలు దాన్ని వాడుకున్నాయో కలెక్టరు గారు బ్యాంకర్ల సమావేశంలో అడిగి, ఆ జాబితాను మీ పత్రికలో ప్రకటించమని కోరుతున్నాను. ఇకపై ఇచ్చే ప్రతి పట్టా వెనుక 6వ సెక్షనును తెలుగులో అచ్చు వెయ్యాలి. ఇల్లు అప్పగించని టిడ్కో రుణాలపై వడ్డీని లబ్ధిదారు మీద కాక ప్రభుత్వం మీద వెయ్యాలి. ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
గుడివాడ