బాలింతను కూడా ఒక మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కాన్పుల వార్త అంటే మన జిల్లా పేజీలో సిజేరియన్లు ఎన్ని, నార్మల్ ఎన్ని అన్న లెక్కే. ఆ లెక్కా కావాలి, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60 శాతానికి పైగా ఆపరేషన్లేనని తేలింది మరి. కానీ ఆ కాన్పు బల్ల మీద ఆడమనిషికి ఏం జరిగిందో ఎవరూ రాయడం లేదు.

మా చెల్లెలు మొదటి కాన్పుకు రాత్రంతా నొప్పులు పడింది, అరిస్తే నోర్మూసుకోమన్నారు, తొడ మీద కొట్టారు, మా అమ్మను గడప లోపలికి రానియ్యలేదు, తెల్లారేసరికి రక్తం బాగా పోయి స్పృహ తప్పింది. ఇద్దరూ బతికారు, అదే చాలనుకున్నాం. ఇంటికొచ్చాక నిద్రే లేదు. కళ్లు మూస్తే మళ్లీ ఆ లైటు కిందనే ఉన్నట్టుంటది అనేది. వంటింట్లో స్టీలు ప్లేటు కింద పడితే ఒళ్లంతా చెమటలు, ఆ గదిలో ట్రేల చప్పుడు అట్లనే ఉండేదట. టీకాకు కూడా ఆ ఆస్పత్రి గేటు దాటనంటే బాబును నేనే ఎత్తుకుపోయాను. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ‘మేమందరం కనలేదా, నీకేనా కొత్త’ అన్నవాళ్లూ ఉన్నారు, ఆ మాటకే ఎక్కువ కుంగిపోయింది.

ఇది గాలి కాదు, బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఘోరమైన యాక్సిడెంట్ల నుంచి బయటపడ్డవాళ్లకు వచ్చే పీటీఎస్‌డీ అనే మానసిక సమస్య కాన్పు తర్వాత కూడా వస్తుంది. నెల దాటినా జరిగిందే కళ్ల ముందు తిరగడం, పీడకలలు, ఆ చోటంటేనే భయం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం దాని లక్షణాలు. బాలింతలకు వచ్చే డిప్రెషన్ వేరు, రెండూ కలిసి కూడా రావచ్చు. కౌన్సెలింగ్‌తో, అవసరమైతే పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులతో తగ్గుతుంది.

ఆశా కార్యకర్తలు 42 రోజుల దాకా ఇంటికొచ్చి బిడ్డ బరువు, ఒంటి వేడి, బొడ్డు చూస్తారు. అప్పుడే తల్లిని పక్కన కూర్చోబెట్టుకొని ‘కాన్పు ఎట్లయింది, నిద్ర పడుతుందా’ అని అడిగేలా వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, ఇప్పటికే మోయలేనంత పని చేస్తున్నారు కాబట్టి దానికి పైసలూ ఇవ్వాలి. కాన్పు గదిలో తోడుగా ఒకరిని ఉండనివ్వాలని కాన్పు గదులు బాగుచేయడానికి కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమంలోనే ఉంది. నల్లగొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ ఆస్పత్రిలో అది నిజంగా జరుగుతోందో వైద్యాధికారులు చెప్పాలి. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు, ఆ నంబరు ప్రతి బాలింతల వార్డు గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

- ఒక అక్క,
దేవరకొండ, నల్లగొండ జిల్లా