ఆదివారం ‘ది ఫస్ట్ స్లామ్ డంక్’ చూద్దాం రండి

ఫ్రెండ్స్, ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు కమ్యూనిటీ హాల్లో సినిమా వేస్తున్నాం. రెండు గంటల పైనే ఉంటుంది, కాబట్టి టైముకి మొదలుపెట్టేస్తాం.

కొత్తవాళ్ల కోసం కాస్త కథ. తకెహికో ఇనోయె ‘స్లామ్ డంక్’ అనే బాస్కెట్‌బాల్ మాంగాను (జపనీస్ కామిక్) 1990 నుంచి 1996 దాకా గీశారు. టీవీ సిరీస్ 101 ఎపిసోడ్లు నడిచి, సన్నో అనే ప్రత్యర్థి స్కూల్ జట్టుతో జరిగే అసలైన మ్యాచ్ చూపించకుండానే ఆగిపోయింది. దాన్ని తెర మీద చూడ్డానికి అభిమానులు 2022 డిసెంబర్‌లో ఈ సినిమా వచ్చేదాకా ఎదురుచూశారు! దర్శకుడు కూడా ఇనోయెనే. జపాన్ పిల్లలు అమెరికాలో చదువుకుంటూ ఆడేందుకు 2006లో ‘స్లామ్ డంక్’ పేరుతోనే స్కాలర్‌షిప్ పెట్టారు. సిరీస్‌లో కనిపించిన జపాన్‌లోని కామాకురా రైల్వే గేటు దగ్గర ఇప్పటికీ జనం ఫొటోలకు ఎగబడతారు. నాకైతే ఆ చివరి నిమిషాలంటే ప్రాణం, ఎందుకో చూశాక మీకే తెలుస్తుంది.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పేరు పెట్టండి, ఎంతమంది వస్తున్నారో కూడా రాయండి. కుర్చీలు సర్దాలి.
ఆడియో జపనీస్, సబ్‌టైటిల్స్ ఇంగ్లీష్. చిన్నపిల్లలుంటే పక్కన కూర్చుని చెప్పండి.
మంచినీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోండి.

మాంగా చదివినవాళ్లకు ఒక్క మాట: మ్యాచ్ ఫలితం దయచేసి గ్రూప్‌లో రాయొద్దు!