నీ కొటేషన్ చూసిన, బిడ్డా

హనుమకొండ,
ఆదివారం

బిడ్డా,

నువ్వు పంపిన కొటేషన్ రెండుసార్లు చదివిన. కరీంనగర్‌ల నువ్వు పెట్టే రక్త పరీక్షల ల్యాబుకు పెద్ద సర్వర్ ఒకటి, ఐదు థిన్ క్లయింట్లు (సర్వర్ మీద ఆధారపడి నడిచే చిన్న పెట్టెలు), నాలుగు డిస్కుల నాస్ పెట్టె (అన్ని కంప్యూటర్ల ఫైళ్ళు నెట్‌వర్క్ మీద ఒక్కకాడ దాచేది) రాసిచ్చిండు ఆ కంప్యూటర్లు అమ్మేటాయన. ఫోన్ల చెప్తే పని హడావుడిల సగం మర్చిపోతవ్. అందుకే కాగితం మీద పెడుతున్న.

ముందుగాల 2020 ఆగస్టు సంగతి. అప్పుడు నువ్వు అమ్మమ్మ దగ్గర ఉన్నవ్, నీకు అంతా చెప్పలేదు. ఆ వానలకు నయీంనగర్ నాలా పొంగి రోడ్డెక్కింది. మన ల్యాబుల మోకాలి లోతు నీళ్ళు. నాస్ పెట్టె సెంట్రిఫ్యూజ్ టేబుల్ కింద, నేల మీదనే ఉండె. అందుల రెండు డిస్కులు, ఒకదాని మీద రాసిందే రెండోదాని మీద రాసే మిర్రర్ పద్ధతి. ఒకటి పోతే ఇంకోటి ఉంటదని నేను ధీమాగ ఉన్న. నీళ్ళు తీసినంక ట్రే గుంజితే బురద కారింది. రెండూ ఒక్కతీరుగనే మునిగినయ్. మీ బాపు ఇంటికి తెచ్చి బీరువల పెట్టిన ఎక్స్‌టర్నల్ డిస్కుల మార్చి దాకనే రిపోర్టులున్నయ్. లాక్‌డౌన్ వచ్చినంక కాపీ తీసుడు నేనే ఆపేసిన.

వారం తర్వాత ధర్మసాగర్ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది, థైరాయిడ్ మనిషి. "డాక్టరు సారు జూన్‌ల చేసిన టీఎస్‌హెచ్ ఎంతుందని అడుగుతుండు బిడ్డా, నీ కంప్యూటర్ల ఉంటదన్నడు" అన్నది. నా దగ్గర లేదు. ఆమెనే సంచిల నుంచి దారం కట్టిన పాలిథిన్ కవర్ తీసింది. మిషన్ నుంచి వచ్చిన చిన్న థర్మల్ చీటీ మీద అంకెలు మాసిపోయినయ్. దాని వెనకాల మన లెటర్‌హెడ్ కాగితం మంచిగనే ఉన్నది. దాన్ని చూసి మళ్ళ టైపు చేసుకున్న. ఆ నెలంతా ఎవరు వచ్చినా పాత కాగితాలు తెమ్మని అడిగి అడిగి ఎక్కించుకున్న. పేషెంట్లు దాచుకున్నరు, నేను దాచలేకపోయిన. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

నువ్వు కొనేటప్పుడు ఇది యాదిల పెట్టుకో. మిర్రర్ అయినా, రెయిడ్ 5 (మూడు, అంతకన్న ఎక్కువ డిస్కులు కలిపి, ఒకటి పోయినా ఫైళ్ళు మిగిలేటట్టు రాసే పద్ధతి) అయినా డిస్కు చెడిపోతే పని ఆగకుండ చూస్తది, అంత వరకే దాని పని. ఎవరన్న పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంల రెండింట్లా పోతది. 2017 మే నెలల వన్నాక్రై వచ్చినప్పుడు చూసినం కదా, ఫైళ్ళకు తాళం వేసి పైసలడిగే వైరస్ నెట్‌వర్క్ మీద కనబడ్డ ఫోల్డర్లన్నింటికీ తాళం వేస్తది. వైరు పీకి వేరే ఇంట్ల పెట్టిన కాపీనే అప్పుడు మనది.

ఇగ సైజు. ఆయన నాలుగు 4 టీబీ డిస్కులు రాసిండు. రెయిడ్ 5ల ఒక డిస్కంత జాగ రక్షణకు పోయి 12 టీబీ మిగులుతది. నీకు అంత దేనికి? పీడీఎఫ్ రిపోర్టు ఒకటి 200 కేబీ అనుకో. దినాం వంద రిపోర్టులు, ఏడాదికి 300 రోజులు లెక్కేసినా 6 జీబీనే. రెండు డిస్కుల పెట్టె చాలు. మిగిలిన పైసలతోటి మంచి యూపీఎస్ కొను, దాని యూఎస్‌బీ వైరు నాస్‌కు పెట్టు. కరెంటు పోయి బ్యాటరీ దిగిపోయేటప్పుడు పెట్టె తనంతట తానే సక్రమంగ బంద్ అయితది. డిస్కులు సీఎంఆర్ రకమా (రాత గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండ రాసేవి) అని అడిగి తీసుకో. గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి రాసే ఎస్ఎంఆర్ డిస్కు చవకగ వస్తది గని, చెడిపోయిన దాని జాగల పెట్టి మళ్ళ నింపేటప్పుడు మస్తు నెమ్మదిస్తది. ఇంటి నుంచి చూసుకుందామని రౌటర్‌ల పోర్టు తెరిచి నాస్‌ను ఇంటర్నెట్‌కు వదలకు.

సర్వర్, థిన్ క్లయింట్లు మాత్రం వద్దు. ముప్పై సీట్ల కాలేజీ ల్యాబుకు అది మంచిది. సర్వర్‌ల ఉన్న అసలు ఇమేజ్ (అన్ని డెస్క్‌టాపులకు అచ్చు లాంటి కాపీ) ఒక్కటి బాగు చేస్తే ముప్పై డెస్క్‌టాపులూ బాగైతయ్, పిల్లలు ఏం పాడుచేసినా పొద్దుగాలకు కొత్తవే. నీ ఐదు సీట్లకు ఆ సర్వర్ ఆగితే బిల్లింగూ రిపోర్టులూ ఒక్కసారే ఆగుతయ్, ఉపాసంతోటి వచ్చిన షుగర్ పేషెంట్లు లైన్ల కూసుంటరు. అట్ల సర్వర్ లోపల నడిచే వర్చువల్ డెస్క్‌టాపులకు విండోస్ లైసెన్సుల లెక్క కూడ వేరే, అది కొటేషన్‌ల రాయలేదు చూడు.

వర్చువల్ మిషన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోటి నడిచే ఇంకో కంప్యూటర్) ఒక్కచోట నీకు పనికొస్తది. రక్తకణాలు లెక్కపెట్టే మన పాత సెల్ కౌంటర్ సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడవదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లనే సపోర్టు ఆగింది. ఆ కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయిన రోజు మిషన్‌నే అమ్మాల్సొస్తదనుకున్న. మన గల్లీ పిలగాడు దాని డిస్కును అచ్చు దింపి, కొత్త కంప్యూటర్‌ల వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ లోపల లేపిండు. సీరియల్ వైరుకు యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి లోపలి ఎక్స్‌పీకి అప్పజెప్పిండు. మొదటి శాంపిల్ హిమోగ్లోబిన్ 11.2 అని స్క్రీన్ మీద పడ్డప్పుడు నాకు కండ్లల నీళ్ళు తిరిగినయ్. బయోస్‌ల (కంప్యూటర్ ఆన్ కాంగనే తెరిచే సెట్టింగులల్ల) వర్చువలైజేషన్ ఆన్ చేయాలె, లోపలి ఎక్స్‌పీకి నెట్ కార్డు తీసెయ్యాలె, ఈ రెండూ మర్చిపోకు. ఇప్పుడు ఆ కంప్యూటరంతా 20 జీబీ ఫైలు. పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ మీద నాస్‌కు కాపీ చేస్తే అరగంట పట్టేది, గిగాబిట్ స్విచ్ పెట్టినంక మూడు నాలుగు నిమిషాలు. నువ్వు కూడ గిగాబిట్‌దే తీసుకో.

మీ బాపు శనివారం కరీంనగర్ బస్సెక్కి వస్తడు. ఆయన చేతుల నా డిస్కు పంపుతున్న, బిట్‌లాకర్ తాళం (పాస్‌వర్డ్ లేంది తెరుచుకోదు) వేసిన. ఎవరి హెచ్ఐవీ రిపోర్టు ఎవరి కంట పడొద్దు కదా. అది నీ బీరువల పెట్టు. నీ ల్యాబు మొదలైనంక నీ కాపీకి కూడ తాళం వేసి నాకు పంపు, నా దగ్గర ఉంటది. రెండు ఊర్లు ఒక్కసారే మునగవు. నెలకోసారి మార్చుకుందాం. మార్చినప్పుడల్లా ఒక పాత రిపోర్టు తెరిచి చూసి, తెరుచుకున్నదని నాకు ఫోన్ చెయ్.

నాస్ పెట్టెను గోడకు, నీ తల ఎత్తున బిగించమని ఆ మేస్త్రికి ఇప్పుడే చెప్పు. సున్నం వేసినంక అయితే రంధ్రాలు కొట్టనియ్యడు.

పైలం బిడ్డా.

అమ్మ