మా ఫిర్యాదు టికెట్‌ను మమ్మల్ని అడగకుండానే మూసేశారు

కస్టమర్ సపోర్ట్ హెడ్ గారికి,

సార్, సాఫ్ట్‌వేర్ పాడైందన్న ఒక్క కారణానికే అయితే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. ఏ మిషనైనా ఒకరోజు మొరాయిస్తుంది, వ్యాపారం చేసేవాళ్లకు అది తెలుసు. పంతొమ్మిది రోజులుగా మొరపెట్టుకుంటున్నా మీ దగ్గర వినే మనిషి లేడు, అదీ నా బాధ.

మాది కర్నూలులో విత్తనాలు, పురుగుమందుల హోల్‌సేల్. ఆదోని, ఎమ్మిగనూరు, నంద్యాల, డోన్‌లో బ్రాంచీలున్నాయి. ఇదివరకు ప్రతి సోమవారం నాలుగు చోట్ల నుంచి ఎక్సెల్ షీట్లు వాట్సాప్‌లో వచ్చేవి, మా అకౌంటెంటు అమ్మాయి వాటిని కలిపి నా ముందు పెట్టేసరికి బుధవారం మధ్యాహ్నం అయ్యేది. ఆ తిప్పలు పోతాయనే అన్ని బ్రాంచీల లెక్కలు ఒకే తెర మీద చూపే మీ డ్యాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. రెండేళ్లు బాగా పనిచేసింది కూడా. పొద్దున్నే ఏ బ్రాంచిలో ఎంత స్టాకుంది, ఎవరి దగ్గర ఎంత బాకీ నిలిచింది చూసుకునేవాణ్ణి.

జూన్ మొదటి వారం నుంచి ఆదోని, నంద్యాల లెక్కలు కదలడం మానేశాయి. పైన తేదీ మాత్రం ఆ రోజుదే చూపిస్తుంది, ఎక్కడా హెచ్చరిక లేదు. ఆదోనిలో పత్తి విత్తనాలు నిండుగా ఉన్నాయని చూపిస్తే నమ్మి, కొత్త లోడు నంద్యాలకు పంపించాను. ఆదోనిలో అప్పటికే అయిపోయాయి, రైతులు వచ్చి వెనక్కి పోయారు. వాన పడిన వారంలో విత్తనం లేదంటే ఆ రైతు మళ్లీ మా గడప తొక్కడు.

మొదటి రోజు ఫోన్ ఎత్తినాయన బ్రౌజర్ హిస్టరీ తుడిచేసి మళ్లీ తెరవమన్నాడు. చేశాం. రెండో ఆయన తప్పు మీరు లెక్కలు రాసుకునే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, మీ ట్యాలీ అతన్ని పిలిపించుకోండి అన్నాడు. డబ్బులిచ్చి పిలిపించాం, అతను ఆదోని దాకా పోయి చూసి, లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ట్యాలీ నుంచి డ్యాష్‌బోర్డ్‌కు లెక్కలు చేర్చే మీ కనెక్టరే వాటిని తీసుకోవడం లేదని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం ఫోటో పంపిస్తే మూడో ఆమె అంతా మొదటి నుంచి చెప్పమంది. టికెట్ నంబరు ఇచ్చాను కదమ్మా, అందులో అంతా ఉంది అంటే, నాకు అది కనబడదు సార్ అంది. నాలుగో ఆయన ఇంగ్లిష్ తప్ప మాట్లాడలేదు, తెలుగు వచ్చినవాళ్లతో 24 గంటల్లో ఫోన్ చేయిస్తామన్నారు, ఇంతవరకు రాలేదు. 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాల్సిన మా అకౌంటెంటు అమ్మాయి ఆ పని పక్కన పెట్టి మీవాళ్లకు స్క్రీన్‌షాట్లు పంపుతూ కూర్చుంది. చివరికి ఒక పొద్దున మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసేశాం, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు? ఆ రోజు నాకు అన్నం సయించలేదు సార్.

అమ్మేటప్పుడు మీ మనిషి కొండారెడ్డి బురుజు దగ్గర మా ఆఫీసుకు మూడుసార్లు వచ్చాడు. అర్ధరాత్రయినా నాకు ఫోన్ చేయండన్నా అన్నాడు. ఇప్పుడు ఆ నంబరు మోగి మోగి ఆగిపోతోంది. నంద్యాల 2022 ఏప్రిల్‌లోనే వేరే జిల్లా అయినా మీ జిల్లాల రిపోర్టులో ఇంకా కర్నూలు కిందే కలిసి వస్తోంది, అదీ పోయిన ఏడాదే చెప్పాను, నోట్ చేసుకున్నాం అన్నారు.

రెన్యువల్ డబ్బు నేను ఒక్కరోజు ఆలస్యం చేయలేదు. నా మాట మీద ఆదోనిలో ఇద్దరు పత్తి వ్యాపారులు మీ సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు, వాళ్లకు నేనేం ముఖం చూపించాలి? నష్టం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ మూసిన టికెట్ తెరవండి, పని తెలిసిన ఒక మనిషితో తెలుగులో నాకు ఫోన్ చేయించండి. లేదంటే వకీలు నోటీసు వస్తుంది, రెన్యువల్ ఆపేస్తాను, ఆ ఇద్దరి చేత కూడా ఆపిస్తాను. శనివారం దాకా చూస్తాను. ఆ రోజు రాత్రి తొమ్మిది వరకు ఆఫీసులోనే ఉంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమరు, కర్నూలు